అచ్చులో అసలు ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. ముద్రణ గురించి మాట్లాడమంటే గూటెన్‌బర్గ్‌తో మొదలుపెట్టి, చదువు దేశదేశాలకూ ఎలా పాకిందో చెప్పి, కంప్యూటర్ దగ్గర ముగించడం ఆనవాయితీ. ఆ కథ మీకు తెలిసిందే కాబట్టి దాని జోలికి పెద్దగా పోను. ఇవాళ నేను పట్టుకొచ్చింది ఒకటే ప్రశ్న. అచ్చు వేసిన వస్తువులో అసలు ఏది, నకలు ఏది?

చిత్రకారుడు గుడ్డ మీద బొమ్మ వేస్తే ఆ గుడ్డే అసలు. దాన్ని చూసి ఇంకొకరు వేస్తే అది నకలు. ఇందులో తగాదా లేదు. ఇప్పుడు జపాన్ వాళ్ల చెక్కబ్లాకుల పని చూడండి. హొకుసాయ్ పెద్ద అల బొమ్మ మీరంతా ఎక్కడో అక్కడ చూసే ఉంటారు, 1831 ప్రాంతంలోది. ఆ కాలపు పద్ధతి ఏమిటంటే, చిత్రకారుడు పలచటి కాగితం మీద కుంచెతో బొమ్మ గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి చెర్రీ చెక్క మీద అతికిస్తాడు. వెనక నుంచి గీత స్పష్టంగా కనబడేదాకా కాగితాన్ని వేలికొసలతో రుద్ది పొరలు పొరలుగా తీసేస్తాడు. ఆ తర్వాత గీతకి అటూ ఇటూ కత్తితో కోసుకుంటూ పోతాడు. గీత ఉన్నచోట చెక్క నిలుస్తుంది, మిగతాది లేచిపోతుంది. చెక్కతోపాటు కాగితమూ పోతుంది. అంటే హొకుసాయ్ చేత్తో గీసిన ఆ అల ఇప్పుడు ఎక్కడా లేదు. బ్లాకు పుట్టాలంటే ఆ బొమ్మ చావాలి.

సరే, బ్లాకే అసలు అనుకుందామా? అది కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. పైగా ఒక్క బ్లాకు కాదు, గీతలకొకటి, రంగులకు వేరువేరు. వాటిని చూసి ఆనందించమని ఎవరూ చెక్కలేదు. పోనీ అచ్చయిన కాగితం అసలు అందామా? అవి వేలల్లో అచ్చయ్యాయి. ఆ వేలల్లోంచి ఒకదాన్ని పైకి తీసి, ఇదే అసలు, మిగతావి దీని నకళ్లు అనడానికి ఏ ఆధారమూ లేదు. నకళ్లు కుప్పలుగా ఉన్నాయి, అసలు మాత్రం లేదు. లేదంటే అన్నీ అసళ్లే. ముద్రణలో తత్వమంటూ ఏదైనా ఉంటే అది ఈ మెలికలో ఉందని నా నమ్మకం.

దీనికి మామూలుగా ఒక సమాధానం వస్తుంది. ‘అన్నీ ఒకేలా ఉంటాయి కదండీ, ఏది అసలైతే ఏమిటి?’ అని. అచ్చాఫీసులో పనిచేసినవాళ్లెవరైనా ఈ మాట వింటే నవ్వుతారు. ఒకేలా ఉండటం అచ్చుయంత్రం పుట్టుకతో తెచ్చుకున్న గుణమని బయటివాళ్లు అనుకుంటారు. లోపలివాళ్లకు అది పూటపూటా చాకిరీ చేసి రాబట్టాల్సిన ఫలితం.

అదే జపాన్ బ్లాకులో ఒక మూల చిన్న గుర్తు చెక్కి ఉంటుంది, దానికి కొంచెం ఎడంగా ఇంకో అడ్డగీత. వాటిని కెంటో అంటారు. ప్రతి రంగు బ్లాకులోనూ అవి సరిగ్గా అదే చోట ఉండాలి. కాగితం మూల అందులో ఆనించి, అంచు ఆ గీతకు చేర్చి, మెల్లగా వాల్చాలి. కాగితం తడిగా ఉంటుంది కాబట్టి సాగుతుంది. చెక్క గాలిలో తేమనిబట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఆకాశం రంగు అంచుల్లో పలచబడాలంటే పనివాడు ప్రతి కాగితానికీ బ్లాకు మీద తడి, రంగు మళ్లీ సర్దుకోవాలి. ఇన్ని కదిలే వస్తువుల మధ్య వందో కాగితం మొదటి కాగితంలా వచ్చిందంటే అది మనిషి నేర్పు. వేల కాగితాలయ్యేసరికి చెక్కే అరుగుతుంది. పెద్ద అల బొమ్మలో శీర్షిక ఉన్న పెట్టె చుట్టూ గీత ఎక్కడెక్కడ తెగిందో చూసి, ఏ ప్రతి ముందుది, ఏది వెనకటిదో మ్యూజియంవాళ్లు తేలుస్తారు.

లోహపు అక్షరం సంగతి ఇంకా చిత్రం. ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు, అది పంచ్. దాన్ని రాగి ముక్క మీద కొడితే గుంట పడుతుంది, అది మేట్రిక్స్. ఆ గుంటకు చేతి మూస బిగించి కరిగిన లోహం పోస్తే టైపు వస్తుంది. వట్టి సీసమైతే మెత్తన, నొక్కుళ్లు పడుతుంది. అందుకని తగరం, యాంటిమొనీ కలుపుతారు. యాంటిమొనీ గట్టిదనం ఇస్తుంది, చల్లారేటప్పుడు లోహం మరీ ముడుచుకుపోకుండా చూస్తుంది. చివరికి ఆ టైపు సిరా పూసుకుని కాగితం మీద పడుతుంది. పంచ్ తిరగబడి ఉంటుంది, మేట్రిక్స్ సవ్యంగా, టైపు మళ్లీ తిరగబడి, కాగితం మళ్లీ సవ్యంగా. ఒక్క అక్షరానికి నాలుగు శరీరాలన్నమాట. పంచ్ చెక్కేవాడికి ఇంకో లెక్క కూడా ఉంటుంది. నొక్కినప్పుడు సిరా అంచులు దాటి కొంచెం పాకుతుందని తెలుసు కాబట్టి, కాగితం మీద కావలసిన దానికన్నా గీత సన్నగా చెక్కుతాడు. అంటే లోహం మీద ఉన్నది పూర్తి అక్షరం కాదు, కాగితం మీద ఉన్నది అతను చెక్కిన ఆకారం కాదు.

గూటెన్‌బర్గ్ పంచ్, రాగి మేట్రిక్స్ పద్ధతిలోనే మొదలుపెట్టాడని చాలాకాలం అనుకున్నారు. 2000 దాటాక ప్రిన్స్‌టన్‌లో ఇద్దరు పరిశోధకులు ఆయన టైపుతో 1456లో అచ్చయిన ఒక పోప్ ఆజ్ఞాపత్రాన్ని తీసుకుని, అక్షరాల ఫొటోలను కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పెట్టి పోల్చారు. ఒకే అక్షరానికి ఒకే మూసలోంచి రావడానికి వీల్లేనన్ని తేడాలు కనిపించాయన్నారు. అందరూ ఒప్పుకున్న మాట కాదు గానీ, అదే నిజమైతే ‘ఒకేలా’ అన్నది ముద్రణతోపాటు పుట్టలేదు, తర్వాతి తరాలు కూడబెట్టుకున్నది.

టైపు అంతా పేర్చి, చేజ్ అనే ఇనుప చట్రంలో బిగించి, అలా బిగించిన ఫారం మెషీన్ ఎక్కించాక కూడా పని అవదు. టైపు ఎత్తు, ఇంగ్లండ్ అమెరికాల్లో, 0.918 అంగుళం. ఆ మూడో అంకె దగ్గర తేడా వచ్చినా అక్షరం వెలవెలబోతుంది. ఒక కాగితం లాగి, వెనక్కి తిప్పి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తారు. వేళ్లతో తడిమి, ఎక్కడ ఎక్కువ నొక్కుకుంది, ఎక్కడ తాకీ తాకనట్టుంది కనిపెడతారు. తక్కువైనచోట వెనకాల సన్నటి కాగితం చింపి అంటిస్తారు. మళ్లీ లాగుతారు, మళ్లీ అంటిస్తారు. దీన్ని మేక్‌రెడీ అంటారు. పాత మెషీన్‌మేన్లకు దీనికే ఎక్కువసేపు పట్టేది, అచ్చు వేయడానికి కాదు. అదంతా చేసేది ఎందుకు? చదివేవాడికి ఆ శ్రమ కనబడకుండా ఉండటానికి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఆ పాతవాళ్ల లెక్కలో కాగితం మీద గుంట పడితే అది పనితనం తక్కువైనట్టు. సిరా ముద్దుపెట్టినట్టు తాకాలి, అంతే. ఇప్పుడు లెటర్‌ప్రెస్‌లో, అంటే ఇలా టైపుతో నొక్కి, ఆహ్వానపత్రాలు అచ్చేయించుకునేవాళ్లకు గుంట లోతుగా పడాలి, వేలితో తడిమితే తెలియాలి, లేకపోతే డబ్బు దండగ అనుకుంటారు. ఒకప్పటి తప్పు ఇప్పుడు అందం. దీని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. సిరా ముందు రబ్బరు మీదికి, దానిమీంచి కాగితం మీదికి వెళ్లే ఆఫ్‌సెట్ వచ్చాక కాగితాన్ని లోహం తాకడం మానేసింది కాబట్టి, తాకిన గుర్తుకు విలువ పెరిగింది.

ఒకేలా ఉన్నాయనుకున్నవి ఎంత వేరువేరుగా ఉంటాయో చూడటానికి ఒక యంత్రమే కట్టాడు చార్ల్‌టన్ హిన్మన్ అనే అమెరికన్ పండితుడు. షేక్‌స్పియర్ నాటకాల మొదటి ఫోలియో, అంటే పెద్ద సైజు సంపుటం, 1623లో అచ్చయింది. వాషింగ్టన్‌లోని ఫోల్జర్ లైబ్రరీలో దాని ప్రతులు 82 ఉన్నాయి. హిన్మన్ ఒకే పుట ఉన్న రెండు ప్రతుల్ని పక్కపక్కన పెట్టి, అద్దాలతో రెండు ప్రతిబింబాలూ ఒకదానిమీద ఒకటి పడేలా చేసి, దీపాలు మార్చిమార్చి వెలిగించాడు. రెండూ ఒకటే అయితే పుట కదలదు. ఎక్కడైనా కామా మారినా అక్కడ మినుకుమినుకుమంటుంది. అలా 55 ప్రతులు పోల్చాడు. తేలిందేమిటంటే, అచ్చు నడుస్తుండగానే మెషీన్ ఆపి తప్పులు దిద్దేవాళ్లు, కానీ అప్పటికే అచ్చయిన కాగితాల్ని పారేసేవాళ్లు కాదు. కాగితం ఖరీదు మరి! దిద్దినవీ దిద్దనివీ బైండింగ్‌లో ఇష్టమొచ్చినట్టు కలిసిపోయాయి. మరి ఏ ప్రతి అసలైన ఫోలియో? హిన్మన్ 1968లో దాని నకలు ప్రతి వేసినప్పుడు పలు ప్రతుల్లోంచి బాగా వచ్చిన పుటల్ని ఏరి కూర్చాడు. 1623లో ఏ ఒక్కరి చేతిలోనూ లేని పుస్తకం అది. అసలుకు అందరికన్నా దగ్గరగా వెళ్లిన మనిషి చివరికి దాన్ని కొత్తగా తయారుచేయాల్సి వచ్చింది.

అలాగని ఒకేలా ఉండటమంతా భ్రమ అని తోసిపారేస్తే పొరపాటు. అది పూర్తిగా దొరక్కపోయినా, దొరికినంత మేరకే లోకాన్ని మార్చేసింది. చేతిరాత ప్రతుల్లో తప్పులు ప్రతి ప్రతికీ వేరు. ఒకాయన నాలుగో ఆకులో తడబడతాడు, ఇంకొకాయన పదో ఆకులో. అచ్చులో తప్పు పడితే అందరి దగ్గరా అదే చోట పడుతుంది. 1631లో లండన్‌లో రాజుగారి ముద్రాపకులు వేసిన బైబిల్లో, వ్యభిచరించవద్దు అన్న ఆజ్ఞలో వద్దని చెప్పే చిన్న మాట కాస్తా ఎగిరిపోయి, వ్యభిచరించమని ఆజ్ఞాపించినట్టయింది. (నవ్వులు) 300 పౌన్ల జరిమానా పడింది. అప్పుతచ్చుల చరిత్రలో దాన్ని మించింది లేదు. కానీ ఆలోచించండి, తప్పు అందరి దగ్గరా ఒకేచోట ఉంది కాబట్టే దాన్ని దిద్దడం సాధ్యం. ‘ఫలానా పుట, ఫలానా పంక్తి, ఇలా చదువుకోండి’ అని ఒక చీటీ వేస్తే చాలు. చేతిరాతకు అలాంటి చీటీ వేయలేం. వేర్వేరు నగరాల్లో ఉన్న ఇద్దరు పండితులు ఒకే పుట తెరిచి, ఒకే పటం మీద వేలు పెట్టి దెబ్బలాడుకోవడం అచ్చు ఇచ్చిన వరం. ముద్రణ మనకు నిజాన్ని ఇచ్చిందని నేననను. ఒకే తప్పును అందరం కలిసి చూసే వీలు ఇచ్చింది, అది చిన్న విషయం కాదు.

చదవడం గురించే మాట్లాడుతున్నాను కదా, చదవడానికి కాని అచ్చు కూడా ఉంది. 764 నుంచి 770 మధ్య జపాన్‌లో షోతోకు మహారాణి ధారణీ మంత్రాలను చిన్నచిన్న కాగితపు చుట్టల మీద వేయించి, ఒక్కొక్కటి ఒక్కో బుల్లి చెక్క స్తూపంలో పెట్టించి మూయించింది. పది లక్షల స్తూపాలని లెక్క. అవి విప్పి చదువుకోమని ఇచ్చినవి కావు. మంత్రం మళ్లీమళ్లీ పుట్టడంలోనే పుణ్యం. చైనాలో డున్‌హువాంగ్ దగ్గర దొరికిన వజ్రసూత్రం 868లోది, తేదీ వేసి ఉన్న అచ్చు పుస్తకాల్లో పూర్తిగా మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది. తల్లిదండ్రుల పేరిట అందరికీ ఉచితంగా పంచడానికి వాంగ్ జీ చేయించాడని దాని చివర ఉంది. ముద్రణ అనగానే వ్యాపారం, పత్రికలు, ప్రచారం గుర్తొస్తాయి గానీ, మొట్టమొదట్లో అది పునరుక్తినే పూజగా చూసిన మనుషుల చేతిలో ఉంది. అసలెక్కడ అని వాళ్లు అడిగి ఉండరు. పది లక్షల్లో ఏదీ ఇంకొకదానికన్నా తక్కువ కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం సంతకాల వ్యవహారం. బొమ్మల ముద్రణలో కింద పెన్సిల్‌తో 12/50 అని, అంటే యాభైలో పన్నెండోదని, రాస్తారు. యాభై వేసి, ఆ తర్వాత ప్లేటు మీద గీతలు కొట్టి పాడుచేస్తారు, మళ్లీ ఎవరూ వేయకుండా. ఈ ఆచారం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో స్థిరపడింది. ముక్కుసూటిగా చెప్పాలంటే, ఇంకా వేయగలిగింది వేయకుండా ఆపి, కొరత పుట్టించి, ధర నిలబెట్టడం. కొన్ని పద్ధతుల్లో మాత్రం ఆ కొరత ప్లేటులోనే ఉంటుంది. రెంబ్రాంట్ 1653లో మూడు శిలువల బొమ్మను రాగిరేకు మీద సూదితో నేరుగా గీశాడు. సూది లోహాన్ని దున్నుకుంటూ పోతే గీత పక్కన లోహపు పొట్టు లేస్తుంది. సిరా దాంట్లో చిక్కుకుంటుంది, అందుకే ఆ గీత మఖమల్‌లా నల్లగా మెత్తగా ఉంటుంది. కానీ ప్రెస్సులో నలిగినకొద్దీ ఆ పొట్టు అణిగిపోతుంది, కొన్ని పదుల కాగితాలకే. ప్లేటు అరిగాక రెంబ్రాంట్ దాన్ని దాచుకోలేదు, పారేయలేదు. మనుషుల్ని గీకేసి, కొత్తవాళ్లను పెట్టి, పైనుంచి చీకటి గీతలు దింపి ఇంకో బొమ్మ చేశాడు. రెండూ ఒకే రేకులోంచి వచ్చాయి. ఆయనకు ప్లేటు ఎప్పటికీ తేలని చిత్తుప్రతి.

1930లో లండన్‌లో బియాట్రిస్ వార్డ్ అనే ఆవిడ ముద్రణ మీద ప్రసంగిస్తూ, మంచి అచ్చు స్ఫటిక పాత్రలా ఉండాలి, లోపలి పానీయం కనబడాలి గానీ పాత్ర కాదు అంది. ఇప్పటికీ అందరూ చెప్పుకునే మాట. సగం ఒప్పుకుంటాను. నవల చదువుతూ టైపును చూస్తూ కూర్చుంటే నవల ముందుకు సాగదు. కానీ అక్షరాలన్నీ విడివిడి దీర్ఘచతురస్రాలు, వరుసగా పేర్చుకోవచ్చు అనే ఊహ ముందే టైపులో ఉంది. ఆ ఊహలో ఇమిడే లిపులకు పాత్ర కనబడదు. పైన గుడి, కింద ఒత్తు పెట్టుకునే మనలాంటి లిపులకు కనబడుతుంది. ఉర్దూ రాసే నస్తలీఖ్‌కైతే మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందులో మాట పైనుంచి ఏటవాలుగా ఎడమకు జారుతుంది. మాట ఎంత పొడవుంటే అంత ఎత్తునుంచి మొదలవ్వాలి. దాన్ని సీసపు ముక్కలుగా కోస్తే అందం చచ్చిపోతుంది. పాఠకులు ఒప్పుకోలేదు. అందుకే ఉర్దూ పత్రికలు టైపు వదిలేసి, చేతిరాతను రాతిపలక మీదికి ఎక్కించి అచ్చేసే లిథోను పట్టుకున్నాయి. కాతిబ్, అంటే లేఖకుడు, చేత్తో రాస్తాడు, ఆ రాతే అచ్చవుతుంది. 1981లో అహ్మద్ మీర్జా జమీల్ వేలకొద్దీ అక్షరాల కూర్పులను గీసి కంప్యూటర్‌కు ఎక్కించి నూరీ నస్తలీఖ్ అనే ఫాంటు తెచ్చేదాకా, లాహోర్‌లో ‘జంగ్’ పత్రిక దాంతో కూర్చి వేసేదాకా అదే నడిచింది. అందాన్ని వదులుకోవడం ఇష్టంలేక ఒక భాష ప్రజలు అంతకాలం యంత్రాన్ని వాకిట్లో నిలబెట్టారంటే, అక్షరరూపం వట్టి పాత్ర అని ఎలా అంటాం?

ఇక అసలు కోసం చేసిన అన్నిటికన్నా పిచ్చి పని ఒకటి చెప్తాను. ఇంగ్లండ్‌లో డవ్స్ ప్రెస్ అని చిన్న ముద్రణాలయం ఉండేది, కాబ్డెన్-శాండర్సన్, ఎమరీ వాకర్ భాగస్వాములు. వాళ్లకోసం ప్రత్యేకంగా ఒకే ఒక్క సైజులో టైపు చేయించుకున్నారు. తర్వాత పొత్తు చెడింది. కాబ్డెన్-శాండర్సన్ పోయాక టైపు వాకర్‌కు చెందాలని ఒప్పందం. అది ఆయనకు మింగుడుపడలేదు. తన టైపు యాంత్రికమైన అచ్చుకు వాడతారని భయం. 1916లో మొదలుపెట్టి కొన్ని నెలలపాటు, రాత్రిపూట, టన్నుకు పైగా బరువున్న టైపును విడతలవారీగా మోసుకెళ్లి హామర్‌స్మిత్ వంతెన మీదనుంచి థేమ్స్ నదిలో పోశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదు దాటాయి! పంచ్‌లూ, మేట్రిక్స్‌లూ అంతకుముందే నీళ్లలో కలిశాయి.

టైపు పోయింది గానీ పుస్తకాలు మిగిలాయి. ఈ మధ్య రాబర్ట్ గ్రీన్ అనే డిజైనర్ ఆ పుస్తకాల పుటలు చూసి డిజిటల్ ఫాంటు గీశాడు. చిక్కేమిటంటే, కాగితం మీద కనబడేది సిరా పాకిన ఆకారం. లోహం అంచు ఎక్కడ ఆగింది, సిరా ఎక్కడిదాకా వెళ్లింది? 2014లో గజ ఈతగాళ్లతో నది అడుగున వెతికిస్తే 150 టైపు ముక్కలు దొరికాయి. వాటిని చూసి ఫాంటును మళ్లీ సరిచేశాడు. ఆ పని మీద నాకు గౌరవం ఉంది, కానీ వాదించాలనిపిస్తుంది. పంచ్ చెక్కినవాడు సిరా పాకుతుందని లెక్కేసుకునే చెక్కాడు కదా. లోహంలో ఉన్నది అతని ఉద్దేశంలో సగమే, మిగతా సగం కాగితం పూరిస్తుంది. తెర మీద వెలిగే అక్షరానికి పాకే సిరా లేదు. అక్కడ లోహాన్ని అనుసరిస్తే అక్షరం బక్కచిక్కుతుంది, కాగితాన్ని అనుసరిస్తే ఒక్కో పుటకు ఒక్కో ఆకారం. అసలు కోసం నది అడుగుదాకా వెళ్లినవాడికి కూడా ఎంచుకోక తప్పలేదు.

ఇప్పటి డిజిటల్ ప్రెస్సుకు ప్లేటే లేదు. వెయ్యి కాగితాలకు వెయ్యి వేర్వేరు పుటలు వేయమన్నా మొరాయించదు. ఇన్ని వందల ఏళ్లు ఒకేలా రావడానికి చెమటోడ్చిన వృత్తి ఇది. ఇప్పుడు ప్రతి కాగితం వేరుగా రావడమే తేలిక. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఇప్పుడే కుర్ర చిత్రకారులు రిసోగ్రాఫ్ మెషీన్ల వెంట పడుతున్నారు. ఆఫీసు కాగితాలు చవగ్గా వేయడానికి జపాన్‌లో చేసిన యంత్రం అది. ఒక్కో రంగుకు ఒక్కో డ్రమ్ము, రంగు మీద రంగు కొంచెం పక్కకు జరిగి పడుతుంది. ఆ జరుగుడు కోసమే దాన్ని ఎంచుకుంటున్నారు. మా తరం మెషీన్‌మేన్ అయితే ఆ కాగితాన్ని చించి బుట్టలో వేసేవాడు.

సరే, నా సమయం అయిపోయింది. అక్కడ బల్ల మీద లూపే, అంటే చిన్న భూతద్దం, పెట్టాను, పక్కనే నాలుగు రంగుల్లో అచ్చయిన ఒక పుట ఉంది. మనిషి బుగ్గ మీద పెట్టి చూడండి. బుగ్గ కనబడదు, చుక్కలు గుండ్రంగా గుంపులు కట్టి కనబడతాయి. ఒక్కో రంగు చుక్కల వరుస ఒక్కో కోణంలో వాల్చి ఉంటుంది. నీలం, ఎరుపు, నలుపు వెంటనే పట్టేస్తారు. పసుపు చుక్కల కోసం కొంచెం కళ్లు చికిలించాలి. చూసొచ్చాక ప్రశ్నలు తీసుకుంటాను.